నల్లమ్మ చీర

నా మొగుడి చీర ఇస్త్రీ చేయడంతో నా శుక్రవారం మొదలవుతుంది. పొరపాటున రాయలేదు, చీరే. మామిడాకు రంగు నేతచీర, మా అమ్మది. టీవీలో ఆయన నల్లమ్మ. నోటి దురుసు ముసలామె వేషం కట్టి, సోఫాలో కూర్చుని, సినిమావాళ్లనూ నాయకులనూ పిలిచి ఆడుకుంటాడు. 'నల్లమ్మతో నాలుగు మాటలు' చూడని ఇల్లు లేదంటారు. ఆ చీర ఉతికేది, గంజి పెట్టేది, మడత చెదరకుండా పెట్టెలో సర్దేది నేను. బయట ఆయన పేరు హర్ష. మా ఊరు కొత్తచెరువులో మాత్రం ఇప్పటికీ ఓబులేషే.

ఈ నల్లమ్మ ఎక్కడ పుట్టిందో చెప్తాను. మా వైపు వానలకు ముందు, విత్తనానికి దాచిన వేరుశెనక్కాయలను ఆడవాళ్లు గుంపుగా కూర్చుని చేత్తో ఒలుస్తారు. బుడ్డలు ఒలవడం అంటాం. మిషన్లో వేస్తే గింజ పగులుతుంది, పగిలింది మొలవదు. రోజంతా ఒలిస్తే వేళ్లు వాచిపోతాయి. ఆ నొప్పి తెలియకుండా ఎవరో ఒకరు నవ్విస్తూ ఉండాలి. మా కుప్ప దగ్గర ఆ పని నాది. ప్రెసిడెంటు నడక, కండక్టరు గొంతు, తాగొచ్చిన మొగుళ్ల మర్యాదలు, అన్నీ చేసి చూపించేదాన్ని. మా అమ్మ హనుమంతమ్మ మొహమాటం లేకుండా ఒక మాట అంటే దానికి నేను నాలుగు కలిపేదాన్ని.

పెళ్లయ్యాక మా అత్త లక్ష్మీదేవమ్మ, ఇంటికొచ్చిన కోడలు మగవాళ్లను అనుకరించడమేమిటని నోరు మూసుకోమంది. మూసుకున్నాను. ఆయన మాత్రం వంటింట్లోకి వచ్చి, ఫోన్ ఆన్ చేసి గట్టు మీద పెట్టి, "నువ్వు మామూలుగా మాట్లాడు ఉమా, చాలు" అనేవాడు. సంగటి కెలుకుతూ మా అమ్మ గొంతుతో నేనన్న మాటలు పై వారం టీవీలో వినపడేవి. మా అత్త పడీ పడీ నవ్వేది, కొడుకు ఎంత తెలివైనవాడో అని. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి అడిగితే, "నీదేంది, నాదేంది? మనమేమన్నా వేరా?" అన్నాడు. పైగా టీవీ నల్లమ్మకు ఒక కూతురు ఉంది, నోట్లో నాలుక లేని మొద్దు. అదెవరని కూడా అడిగాను. నవ్వి, ఫోన్ మళ్లీ ఆన్ చేశాడు.

ఇవన్నీ మింగాను. ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. టీవీ నల్లమ్మ మాట్లాడుతూ విత్తనాలకని కాయలు ఒలుస్తుంది, ప్రతి కాయనూ పళ్లతో కొరికి, పొట్టు తుపుక్కున ఊస్తుంది. జనానికి ఆ ఊయడమంటేనే ఎక్కువ నవ్వు. విత్తనాన్ని నోటితో ఒలిచే ఆడది మా వైపు లేదు. ఎంగిలి తగిలిన గింజ మొలవదని మా ఊళ్లో నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఒక్కరోజైనా కుప్ప దగ్గర కూర్చోని ఈయనకే తెలియదు. చీర అమ్మది, గొంతు అమ్మది కాబట్టి ఆ కొరుకుడు కూడా అమ్మ నెత్తినే పడింది. మా ఇత్తనాన్ని కొరకద్దు హనుమంతక్కా అని ఊరంతా ఎగతాళి. పోయినేడు రెండిళ్లవాళ్లు ఆమెను ఒలవడానికి పిలవనే లేదు. "నేనెప్పుడన్నా ఇత్తనాన్ని ఎంగిలి చేసినానా మే?" అని ఫోన్లో అడిగింది. ఆ తర్వాత ఊ, ఆ తప్ప ఆమె నోట మాట లేదు. ఆయనకు చెప్తే, కామెడీని కామెడీగా తీసుకోవాలన్నాడు. నవ్వేవాళ్లకు బాగానే ఉంటుంది.

ఈ జూన్‌లో నూరో ఎపిసోడ్ మా ఊళ్లో, మా అమ్మ వాకిట్లోనే తీస్తామని వచ్చారు. కుప్ప నిజమైనదే కావాలన్నారు. అది అమ్మ రెండెకరాలకు దాచుకున్న విత్తనం. చుట్టూ పది మంది ఆడవాళ్లను కూర్చోబెట్టారు. కూతురి వేషం ఆయన నాకిచ్చాడు, తల వంచుకుని ఒలుస్తూ ఉంటే చాలట.

కెమెరా తిరిగింది. ఆయన చీర సర్దుకుంటూ వచ్చి అమ్మ పక్కన చతికిలబడ్డాడు. కాయ తీసి, పళ్లతో కొరికి, పొట్టు కుప్ప మీదే ఊసి, ఆ గింజను ఒలిచిన గింజల్లోకి విసిరాడు. ఆడవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి. అమ్మ తల ఎత్తలేదు. "ఇది నా కూతురు. నోట్లో నాలుకే లేదు దీనికి" అని కెమెరాకు నన్ను చూపించాడు.

నేను తల ఎత్తాను. నడుం మీద చెయ్యి పెట్టి, ఆయన గొంతుతోనే మొదలుపెట్టాను. "ఉమా, నా చీర యాడ? ఉమా, నా జాకెట్టు యాడ? ఉమా, ఈ వారం నేనేం మాట్లాడల్ల?"

ముందు మూలనున్న ముసలామె నవ్వింది. తర్వాత అందరూ. కెమెరా పట్టుకున్నతను కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆయన విగ్గు లాగేసి, అదంతా తీసెయ్యండని వాళ్లకు చెప్పి, నా మీదికి తిరిగి ఏం చేస్తాండావని అరిచాడు.

 ఏడాదిగా మాట్లాడని మా అమ్మ పలికింది. ఆ ఎంగిలి గింజను వెతికి తీసి, అవతల పారేసి, అల్లుడి మొహంలోకి చూసింది.

"లెయ్యప్పా. ఇత్తనంలో ఎంగిలి కలిపినావు. ఆ చీర నాది. ఇప్పి, మడిచి, ఆడ పెట్టి పో."

ఆయన విసవిసా ఇంట్లోకి పోయాడు. చాలాసేపటికి లోపల నుంచి "ఉమా" అని వినపడింది. కాసేపాగి మళ్లీ "ఉమా". రెండేళ్లుగా ఆ చీర కట్టిన మనిషికి దాన్ని మడవడం రాదు. నేను ఇంకో దోసెడు కాయలు ఒళ్లోకి లాక్కున్నాను.