బెరుకు తీరేదాకా

నేను స్నానాలగదిలో తలంతా నురుగుతో ఉండగా తలుపవతల నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"నెయిల్ కట్టర్ ఎక్కడుంది?"

"అద్దం కింద సొరుగులో."

"లేదు."

"ఉందండీ. ఎడమపక్క."

"లేదంటున్నాగా! నువ్వొచ్చి తియ్యి."

వచ్చి తీశాను. ఒంటికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళలో నురుగు మండుతుంటే, సొరుగులో ఎడమపక్కే ఉన్న దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇందాక లేదే!" అన్నారు, నేనేదో మాయ చేసి పెట్టినట్టు.

ఈ ఇంట్లో నేను మూసుకోగలిగిన తలుపు అదొక్కటే. దాని సంగతి ఇదీ. వంటింటికి తలుపే లేదు. పడగ్గది తలుపు దగ్గరికేస్తే "మనింట్లో మనకి తలుపులేమిటమ్మాయ్" అంటారు అత్తగారు. పోనీ ఆఫీసులో అయినా నయమా అంటే, నేను ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఫోన్లు ఎత్తుతాను, నా బల్ల ప్రింటర్ పక్కన వేశారు. కాగితం బయటికొచ్చేదాకా ప్రతివాళ్ళూ నా బల్లమీద మోచెయ్యి ఆన్చి, తమ కడుపుబ్బరం దగ్గర్నుంచి తోడికోడలి పొగరుదాకా చెప్పుకుంటారు. మేనేజరు అటుగా వెళ్తూ "నవ్వుతూ మాట్లాడండి మేడమ్, నవ్వు ఫోన్లో వినిపిస్తుంది" అంటాడు. రిపోర్టు ఆలస్యమైందని అవతలివాడు తిడుతుంటే నవ్వితే ఏం వినిపిస్తుందో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

అలాంటి రోజుల్లో మా సామాన్ల గదిలో ఎలుక దూరింది. చూసింది అత్తగారొక్కరే. పొద్దున చిటికెనవేలంత ఉన్న ఆ ఎలుక, ఆవిడ చెప్పగా చెప్పగా సాయంత్రానికి కుందేలంత అయింది. దాన్ని చూసి మంచమెక్కే హడావిడిలో ఆవిడ తన కళ్ళజోడు తనే తొక్కేశారు. బాగుచేయించే పని ఎవరిదో వేరే చెప్పాలా!

కళ్ళజోళ్ళ షాపావిడ కౌంటరు అద్దం కింద ఒక ఫొటో పెట్టుకుంది. ఒక అట్టపెట్టె, దాని వెనకనుంచి ఒక ముక్కు, ఒక తోక. అంతే. వీధుల్లో దొరికిన పిల్లికూనల్ని, ఎవరైనా పెంచుకోవడానికి ముందుకొచ్చేదాకా తలా కాసిని తమ ఇళ్ళల్లో సాకే వాలంటీర్లు కొందరున్నారట. ఈవిడా వాళ్ళలో ఒకరు.

"రెండూ తోడబుట్టినవి. మహా సిగ్గరివి," అంది. "చూడ్డానికొచ్చినవాళ్ళకి ఇంతకుమించి కనబడవు. అందుకే ఎవరూ తీసుకోవట్లేదు."

"ఎలుకల్ని పడతాయా?"

"వాటికే ఎలుకంటే భయమండీ."

ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆ తర్వాత ఆవిడ అడిగిన మాట ఇంకా నచ్చింది. "మీ ఇంట్లో తలుపు వేసుకోగలిగిన ఖాళీ గది ఉందా?"

అంతవరకూ నన్నా ప్రశ్న ఎవరూ అడగలేదు. ఉందని చెప్పేశాను. తర్వాత ఇంటికెళ్ళి దాన్ని ఉండేట్టు చేశాను. సామాన్ల గదిలో, మా ఆయన ఎంతో మోజుపడి కొని, ఎన్నడూ ఎక్కని వ్యాయామం సైకిల్‌మీద నుంచి బట్టలు తీశాను. ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన టీవీ అట్టపెట్టెలు మడిచి పారేశాను, ఒక్కటి తప్ప. మూలన ఒక చాప, ఒక దిండు, ఒక దీపం. పిల్లులకి చాప సరే, దిండూ దీపం దేనికని ఎవరూ అడగలేదు. ఆ గదిలోకి ఎవరైనా తొంగిచూస్తే కదా!

పిల్లులొస్తే ఎలుక పీడ పోతుందనుకుని ఇంట్లో ఎవరూ కాదనలేదు. షాపావిడ బుట్టతో వచ్చింది. మమ్మల్ని ముగ్గుర్నీ హాల్లో కూచోబెట్టి పద్ధతులు చెప్పింది.

"కొత్తచోటికొచ్చిన పిల్లలు కదండీ. మొదట ఒక్క గదే వాటి లోకం. తలుపు వేసే ఉండాలి. రోజూ ఒకే మనిషి వెళ్ళి గంటసేపు నేలమీద కూచోవాలి. వాటికేసి చూడకూడదు, పిలవకూడదు. ఏదో ఒకటి పైకి చదువుకుంటూ ఉండాలి. వాటంతటవి వచ్చేదాకా అంతే. బయటున్నవాళ్ళు చప్పుళ్ళు చెయ్యకూడదు. మరీ అవసరమైతే గోటితో మెల్లగా తలుపు తట్టి, లోపలి మనిషి సరేనంటేనే తియ్యాలి. కుదరదంటే ఇప్పుడే చెప్పండి, తీసుకెళ్ళిపోతాను."

"మరి ఆ గంటా ఎవరు కూచుంటారూ?" అన్నారు మా ఆయన. అని, ఆయనా అత్తగారూ కలిసి నాకేసి చూశారు. ఇంట్లో ఏ పని పుట్టినా నామీద వాలే చూపే అది. మొట్టమొదటిసారి ఆ చూపు నాకు కలిసొచ్చింది.

మొదటి సాయంత్రం తలుపు వేసుకుని చాపమీద కూచున్నాను. పిల్లులు అట్టపెట్టె వెనక, నేను అట్టపెట్టె ముందు. ముగ్గురికీ ఏం చెయ్యాలో తెలియలేదు. చేతికందిన కాగితం తీసి వ్యాయామం సైకిల్‌ని ఎలా బిగించాలో గట్టిగా చదివాను. మర్నాటి నుంచి, పెళ్ళికి ముందు సగంలో ఆపేసిన నవల పట్టుకెళ్ళాను. కథ మర్చిపోయాను కాబట్టి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. నవ్వక్కర్లేకుండా, జవాబు చెప్పక్కర్లేకుండా గంటసేపు మాట్లాడి ఎన్నేళ్ళయిందో!

బయట ఇంకా పెద్ద వింత జరిగింది. ఇల్లు గొంతు తగ్గించింది. "మిక్సీ వెయ్యకురా, జడుసుకుంటాయి," అని కొడుకుని కసిరారు అత్తగారు. మా ఆయన మిక్సీ దాకా వెళ్ళారా అని ఆశ్చర్యపోతుంటే, టీవీ కూడా మూగబోయింది. తలనొప్పితో నేను గోడకి తల ఆన్చుకున్న రోజుల్లో ఆ టీవీ ఒక్క మెట్టు దిగిన పాపాన పోలేదు. ఇప్పుడు రెండు పిల్లికూనల కోసం ఇంతెత్తు మగాడు మునివేళ్ళమీద నడుస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. పిల్లులమీద అసూయ కూడా వేసింది, దాచుకోవడమెందుకు.

ముక్కు, తోక అనే పిలుచుకున్నాను వాటిని. ముక్కు ముందుగా నా పాదం వాసన చూసింది. తోక నవల అంచు కొరికింది. కొన్నాళ్ళకి రెండూ నా ఒళ్ళో ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోవడం మొదలుపెట్టాయి. ఆ సైకిల్‌ని మా ఇంట్లో మొదట ఎక్కింది తోకే.

బెరుకు తీరింది. తలుపు తెరవాల్సిందే. కానీ తెరిస్తే ఈ గదికి మళ్ళీ అట్టపెట్టెలొస్తాయి, నాకు మళ్ళీ ఆ గంటసేపూ వంటిల్లొస్తుంది. మా ఆయన అప్పుడే "పిల్లులు బయటికొచ్చాక అది టీవీ గది చేద్దాం" అంటున్నారు కూడా.

"ఏం, ఇంకా బెరుకేనా?" అని అడిగారు ఒకరోజు.

"ఇంకా బెరుకేనండీ," అన్నాను. జుట్టులో తోక వెంట్రుకలున్నాయి. ఆయన చూడలేదు. నా జుట్టుకేసి ఎప్పుడు చూశారని!

అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఇదేం సిగ్గమ్మా! నువ్వు కాపురానికొచ్చిన మర్నాడే వంటింట్లో ఉన్నావు. వీటికిన్నాళ్ళా?"

ఆ మాట పట్టుకుని గదిలోకి వెళ్ళి ఆ రోజు ఏమీ చదవలేకపోయాను. నిజమే. కొత్తచోటికి నేనూ వచ్చాను. నాకూ బెరుకే. అమ్మ కొంగు వదిలి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఎవరికి కాఫీలో చక్కెర ఎంతో కంఠతా పట్టాను. నాకెంతో ఎవరూ అడగలేదు. ఒక్క గది చాలు, తనంతట తను వచ్చేదాకా ఆగండి అని నా తరఫున బుట్ట పట్టుకుని ఎవరూ రాలేదు. రెండు గుప్పెళ్ళంత లేని పిల్లికూనలకి ఉన్న పాటి ఏర్పాటు నాకు లేకపోయింది. ముక్కు వచ్చి నా మోకాలిమీద తల రుద్దింది. దానికేం తెలుసు, నవల ఆగిందని విసుక్కుందేమో.

అబద్ధం అలాగే సాగేది. మా ఆయనే కొంప ముంచారు. షాపావిడకి ఫోన్ చేసి, "మీరిచ్చినవాటికి బెరుకు పోవట్లేదండీ. వేరే జత మార్చిస్తారా?" అని అడిగారట. కొన్న నెలలో టీవీ పాడైతే అడిగినట్టు! ఆవిడ నాకు ఫోన్ చేసింది. "ఇంతకాలం తలుపు వెనకే ఉన్నాయంటే ఆ చోటు పడనట్టే. ఆదివారం వచ్చి చూస్తాను. అవసరమైతే తీసుకెళ్ళిపోతాను."

నిజం చెబితే గది పోతుంది. చెప్పకపోతే ముక్కూ తోకా పోతాయి. ఆదివారం లోపే, ఫోన్లో నవ్వు వినిపించడం లేదని మేనేజరు చేత ప్రత్యేకంగా చెప్పించుకున్నాను.

ఆదివారం అందరం ఆ తలుపు ముందు నిలబడ్డాం. మా ఆయన ఎంతో అలవాటుగా గోటితో మెల్లగా తట్టారు, లోపల మనిషెవరూ లేకపోయినా. నేను తలుపు తీశాను. తోక బాణంలా వచ్చి అత్తగారి చీర కుచ్చిళ్ళలో దూరింది. ముక్కు తీరిగ్గా నడిచొచ్చి, మా ఆయన పాదంమీద కూచుని, ముఖం కడుక్కోసాగింది.

షాపావిడ వాటికేసి చూడలేదు. గదిలోకి చూసింది. దిండు, దీపం, బోర్లించిన నవల, నా కాఫీ కప్పు. ఆవిడకి చూపు పరీక్షించడం బాగా అలవాటు. నా ముఖంలోకి ఓసారి చూసి, "ఇంకొన్నాళ్ళు ఆ గది అలాగే ఉంచాలండీ. పిల్లులకి అవసరం," అంది.

ఆవిడ నాకు దారి వేసింది. తలూపితే చాలు. కానీ ముక్కు అంత తీరిగ్గా నట్టింట్లో కూచున్నాక నేను దాని చాటున దాక్కోవడమేమిటని సిగ్గేసింది.

"పిల్లులకక్కర్లేదండీ," అన్నాను. "వాటి బెరుకు ఎప్పుడో పోయింది. నేనే అబద్ధం చెప్పాను. గది నాకు కావాలి."

"నీకు గదెందుకమ్మాయ్? ఇల్లంతా నీదేగా!" అన్నారు అత్తగారు.

"ఇల్లంతా నాదే అత్తయ్యా. అందుకే ఎక్కడ కూచున్నా ఎవరో ఒకరు లేపుతున్నారు."

"అందులో కూచుని ఏం చేస్తావు?" అన్నారు మా ఆయన, కాలు కదపలేక.

"ఏమీ చెయ్యను."

ఇంతకంటే ఘోరమైన మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు. ఆయన నోరు తెరిచారు. ముక్కు ఆయన పాదంమీదే నిద్రకి పడింది కాబట్టి గట్టిగా అరవలేకపోయారు. షాపావిడ ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. వంటింట్లోకి నా వెనకే వచ్చిన అత్తగారు మాత్రం, "నువ్వాఫీసుకెళ్ళాక మధ్యాహ్నం అది ఖాళీయేగా?" అన్నారు గుసగుసగా.

"ఖాళీయే అత్తయ్యా," అన్నాను.

మర్నాడు సాయంత్రం తలుపు వేసుకుని కూచున్నాను. పిల్లులు హాల్లో ఉన్నాయి. పైకి చదవాల్సిన పనిలేదు, మనసులోనే చదువుకుంటున్నాను. అడుగుల చప్పుడు తలుపుదాకా వచ్చి ఆగింది. తర్వాత గోటితో మెల్లగా రెండు దెబ్బలు.

"వస్తున్నా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఎవరూ?" అన్నాను.

"నేనే... నెయిల్ కట్టర్... పర్లేదులే, సొరుగులో చూసుకుంటా," అని గొంతు తగ్గించి, మా ఆయన మునివేళ్ళమీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు.