తెల్లబడ్డ వల

మునెయ్యకు ఆస్తి అంటూ ఉన్నది ఒక్క నూలు వల. భార్య కామమ్మ రెండు వేసవులు తొడ మీద దారం పేని, కళ్లు మసకలు కమ్మేదాకా కూర్చుని అల్లిన వల. ఆ సముద్రపొడ్డు పాలెంలో వల ఉన్నవాడు తెప్పకు పెద్ద. వల లేనివాడు ఇంకొకడి తెప్ప మీద తెడ్డు వేసే కూలి. కూలివాడికి ఏ చేప ఇవ్వాలో ఆ పెద్ద ఇష్టం. సాధారణంగా పిల్లి కూడా వాసన చూసి వదిలేసేదే ఇస్తాడు.

వలను కాపాడుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కానాగంత చేపలు గుంపులు కట్టి వచ్చే ముందు దాన్ని మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదలగొట్టాలి. ఆ తర్వాత తుమ్మచెక్క ఉడికించిన నీళ్లు పట్టించాలి. ఉప్పు మీద చెక్కనీళ్లు పోస్తే వల లోపల్లోపలే పుచ్చిపోతుందని తాతల నాటి నమ్మకం. ఆ ఏడు పుబ్బకార్తె దాటినా చినుకు లేదు. ఇసుకలో తవ్వుకున్న దొరువుల్లో తాగడానికే నీళ్లు చాలడం లేదు. వల ముంచుతానంటే ఆడవాళ్లు బిందెలతో తల పగలగొట్టేట్టున్నారు.

నీళ్లున్నది మిల్లు కాలవలోనే. పాలేనికి పైన, వరిగడ్డితో కాగితం చేసే మిల్లు అది. మొదట్లో గడ్డిని సున్నంలో ఉడికించి పచ్చటి అట్టలు చేసేవారు. ఈ మధ్య కొత్త యంత్రం దించారు. ఇప్పుడదే గడ్డి సోడాలో ఉడికి, ఏదో మందులో మునిగి, మీగడలాంటి తెల్ల కాగితమై వస్తోంది. యంత్రం మొదట తిప్పిన రోజు ఇంజనీరు విజయభాస్కర్, చూడబోయిన వాళ్లందరికీ తలా ఒక కాగితం పంచిపెట్టాడు. ఇంట్లో చదివేవాడూ రాసేవాడూ లేకపోయినా, కామమ్మ దాన్ని గంగమ్మ పటం వెనక భద్రంగా దాచింది.

ఆ కాలవ కబురు తెచ్చినవాడు మునెయ్య బావమరిది గంగులయ్య.

"బావా, మిల్లు ఎనకాల కాలవ నిండా నీళ్లుండాయి. అద్దం మాదిరి తేటగా ఉండాయి."

"మిల్లు నీళ్లు గదరా. కంపు కొడతాయేమో."

"కొడతుండాయి. కలరా మందు కంపు. బాయిలో హెల్తాయన తెల్లపొడి పోస్తాడే, అచ్చం ఆ వాసనే. అంతకన్నా శుభ్రమైన నీళ్లు యాడుంటాయి? నీ వలకేమన్నా తిరపతి తీర్థం గావాల్నా?"

మునెయ్యకు నిజమే అనిపించింది. కలరా వచ్చిన ఏడు ఆ పొడి పోసిన బావి నీళ్లు తాగే కదా పాలెం బతికింది! మిల్లు నీళ్లు గొట్టంలోంచి కాలవలో పడేచోటే వల ముంచి, పైన రాయి పెట్టి వచ్చాడు. మర్నాడు పోయి చూస్తే ఏళ్ల తరబడి పట్టిన చెక్కరంగు పోయి వల తెల్లగా మెరిసిపోతోంది. గట్టు మీద రెండు గుంజలకు ఏదో రేకు కొట్టి ఉంటే, వాటికే కట్టి ఆరేశాడు.

ఇంటికి తెచ్చేసరికి తల్లి ఆదిశేషమ్మ నోరు నొక్కుకుంది.

"ఓరి నా కొడకా! వల తెచ్చినావా, పెండ్లికొడుకు పంచె తెచ్చినావా? దీన్ని జూసి చేపలు దండం పెట్టి ఎనక్కి పోతాయి."

"నేనల్లినప్పుడు గూడా ఇంత తెల్లగా లేదత్తా," అంటూ కామమ్మ మురిసిపోయింది.

చేపలకు కనబడకుండా ఉండాలని ఈసారి చెక్కనీళ్లు రెండు మార్లు పట్టించారు. వల నల్లగా, చిక్కగా, ఎప్పటికన్నా బలంగా కనిపించింది. రంగు ఒక్కటే బలంగా ఉందని ఎవరికి తెలుసు?

కానాగంతలు వచ్చాయి. నీళ్ల మీద గాలి కొట్టినట్టు గుంపు కదలడం చూసి మునెయ్య వల వేశాడు. చేతికి బరువు తగిలింది. అంత బరువు వాడి చేతికి ఎన్నడూ తగల్లేదు. "లాగు బావా, లాగు, గంగమ్మ కరుణించింది!" అని గంగులయ్య అరుస్తున్నాడు. లాగాడు. బరువు పోయింది. మధ్యన వల నానిన అప్పడంలా విడిపోయి, పై తాడూ, వలను తేల్చే బెండ్లూ, సగం వలా మాత్రం తేలికగా చేతిలోకి వచ్చాయి. పట్టుకోబోయిన ప్రతి చోటా దారం వేళ్ల మధ్య పిండిపిండి అయింది. చేపలు తెప్ప కిందినుంచే వెళ్లిపోయాయి.

మిగిలిన వల భుజాన వేసుకుని మునెయ్య మిల్లుకు పోయాడు. విజయభాస్కర్ మర్యాదగానే బయటికి వచ్చాడు. దారం నలిపి చూసి తల పట్టుకున్నాడు.

"ఆ నీళ్లలో ఎవరు నానబెట్టమన్నారయ్యా? అది గడ్డిని తెల్లగా చేసే మందు. కొంచెం ఎక్కువైతే గడ్డికే సత్తువ పోతుంది, నూలెంత? ముట్టుకోవద్దని గట్టు మీద బోర్డు పెట్టాం. చూడలేదా?"

"చూసినానయ్యా. దానికే వల ఆరేసినాను."

పక్కనున్న గుమాస్తా పకపకా నవ్వాడు. విజయభాస్కర్ నవ్వలేదు. ఆయన కూడా నవ్వి ఉంటే, తిట్టుకోవడానికైనా మునెయ్యకు ఒక మనిషి దొరికేవాడు.

"మరి ఆ నీళ్లు కాలవలోకి ఎందుకొదిలినారయ్యా?"

"ఎక్కడికి వదలమంటావు?" అన్నాడు ఇంజనీరు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

వల దారం మళ్లీ వేళ్ల మధ్య తిప్పి చూసి ఆయనే అన్నాడు: "సత్తువ పోయినా గడ్డికన్నా మేలైన నూలిది. గడ్డి కాగితం ఊరికే చినుగుతోంది, కాస్త నూలు కలిపితే గట్టిపడుతుంది. నీకెట్లాగూ పనికిరాదు, ఇచ్చిపో. గడ్డిమోపులు మోసే పని ఇప్పిస్తాను, రేపు రా."

మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. మునెయ్య నేల మీద కూర్చుని, వల అంచు తాడు నుంచి బెండ్లు విప్పుకుని పంచె కొంగులో కట్టుకున్నాడు. గడ్డిని నలగ్గొట్టే తొట్టిలో వల వాడి చేతే వేయించారు. ఒక చుట్టు తిరిగేదాకా వల మాదిరే ఉంది. రెండో చుట్టుకు ఏది గడ్డో ఏది వలో తెలియలేదు.

గుడిసె ముందు కామమ్మ ఎదురు నిలబడింది.

"వల యాడ?"

మునెయ్య కొంగు విప్పి బెండ్లు గుమ్మరించాడు. అవి ఇసుకలో దొర్లాయి.

"ఇయ్యెందుకు తెచ్చినావు?" అంది ఆమె, ఒక బెండు చేతిలోకి తీసుకుని.

"అయి కాగితానికి పనికిరావంట," అన్నాడు.