ఎదురు చుట్టు

ఆ ఏడు గ్రోనింగెన్‌ని చలి ఎంతకీ వదల్లేదు. కాలువలు గడ్డకట్టాయి. పొగమంచు దిగి, ఊరు సగం కలలో ఉన్నట్టుండేది. మా భౌతికశాస్త్ర విభాగంలో హిస్కె, వోల్టర్ అని ఇద్దరు పనిచేసేవారు. ఒకప్పుడు భార్యాభర్తలు. విడిపోయాక కూడా ఒకే అంతస్తులో ఎదురెదురు గదుల్లోనే ఉండేవారు. పలకరింపులుండేవి గానీ మాటలుండేవి కావు.

ప్రొఫెసర్ బాకెమా కావాలనే ఇద్దరికీ ఒకే లెక్క ఇచ్చాడు. పరమాణువు గుండెలో దాగిన బలానికి సంబంధించిన లెక్క అది. అందులో ఒక చిత్రముంది. చోటు చోటుకీ కొలతను ఎటునుంచి మొదలుపెట్టాలో మన ఇష్టం. ఆ ఎంపికనే గేజ్ అంటారు. మన ఇష్టాయిష్టాలతో ప్రకృతికి నిమిత్తం లేదు కాబట్టి, ఏ గేజ్‌లో లెక్క కట్టినా చివరికి జవాబు ఒక్కటే రావాలి. రాలేదంటే ఎవరో పొరబడ్డట్టే.

హిస్కె ఎంచుకున్న గేజ్‌లో దయ్యాలుంటాయి. మా వాళ్లు నిజంగానే వాటికి ఆ పేరు పెట్టారు. ఏ యంత్రానికీ చిక్కని కణాలవి. లెక్క కోసం గీసుకునే బొమ్మల్లో మాత్రం ఒక్కో కణానికీ ఒక్కో గీత ఉంటుంది. లెక్కలో అక్కర్లేకుండా చేరినదాన్ని తుడిచిపెట్టి వెళ్లిపోవడమే వాటి పని. వోల్టర్ గేజ్‌లో దయ్యాలు లేవు. దానికి బదులు అడుగడుగునా కాలుజారే గుంటలున్నాయి.

నెలల తర్వాత జవాబులు వచ్చాయి. బాకెమా గదిలో రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. కలవలేదు.

"నాదే తప్పయ్యుంటుంది," అన్నాడు వోల్టర్, కాగితాలు దగ్గరికి లాక్కుంటూ. "ఆ గుంటల్లో ఎక్కడో పడుంటాను."

"చూసుకున్నావా?" అంది హిస్కె.

"చూశాను. ఏం కనబళ్లేదు. అయినా నాదే అనుకుందాంలే."

హిస్కె మొహం మాడ్చుకుంది. కాపురమంతా విన్న మాటే అది. గొడవ మొదలయ్యేలోపే ఒప్పేసుకుని, తప్పెవరిదో తేలకుండానే అటు తిరిగి పడుకునేవాడు. ఆమెకు ఊపిరాడేది కాదు.

"అనుకుందాంలే అంటే కుదరదు. ఇది మన వంటిల్లు కాదు."

బాకెమా గొంతు సవరించుకున్నాడు. "పాటర్స్‌వోల్డ సరస్సు గడ్డకట్టిందట. వెళ్లి కాస్త గాలి పీల్చి రండి. పోట్లాడుకోవాలన్నా అక్కడ చోటెక్కువ."

ఇద్దరూ స్కేట్లు తీసుకుని వెళ్లారు. మధ్యాహ్నమే అయినా సూర్యుడు పాలలో పడ్డ నాణెంలా ఉన్నాడు. కాసేపు పక్కపక్కనే జారుతూ వెళ్లారు. హిస్కె వదులైన తాడు బిగించుకోవడానికి వంగింది. తలెత్తేసరికి వోల్టర్ లేడు. పిలిచింది. పొగమంచు ఆ పిలుపుని మింగేసింది.

ఎడమ గట్టు పట్టుకుని బయల్దేరింది. రెల్లు పొదలు మంచు తొడుక్కుని తెల్లగా నిలబడి ఉన్నాయి. పైనా కిందా ఒకటే తెలుపు. తను కదులుతోందో, సరస్సే తన చుట్టూ తిరుగుతోందో తెలియలేదు. తన స్కేట్ల చప్పుడు తనకే ఎవరిదోలా వినిపించింది. భయం వేయలేదు. చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది.

అవతలి ఒడ్డు దగ్గర పొగమంచులోంచి ఒక నీడ ఎదురొచ్చింది. వోల్టర్.

"నీకోసం వెనక్కొచ్చాను. కనబళ్లేదు. సరేనని కుడి గట్టు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చా."

"నేను ఎడమ గట్టున వచ్చా," అంది హిస్కె. అని ఆగిపోయింది. అతని వెనక జాడ, తన వెనక జాడ, రెండింటినీ చాలాసేపు చూసింది.

"వోల్టర్, దయ్యం గీతకి బాణం గుర్తుంటుంది కదా."

"ఉంటుంది."

"మూడు మూలల బొమ్మలో అది ఎటు తిరిగితే ఏంటి, రెండూ ఒకటేలే అని ఒకసారే కలిపాను. ఒకటి కాదు. అటు తిరిగేది వేరు, ఇటు తిరిగేది వేరు. రెండూ కలపాలి."

వోల్టర్ స్కేటు మొనతో మంచు మీద గీతలు గీశాడు. రెండో చుట్టు కలిపి చూశాడు. ఇద్దరి జవాబుల మధ్య తేడా సరిగ్గా అంతే ఉంది. అక్కడే చతికిలబడ్డాడు.

"అంటే నాది..."

"మొదట్నుంచీ సరిగ్గానే ఉంది. ఒప్పేసుకోవడానికి ఎందుకంత తొందర నీకు?"

అతను మంచు మీది గీతల్ని చేత్తో చెరిపేశాడు. "వాదిస్తే నువ్వు వెళ్లిపోతావని భయం."

"వాదించనందుకే వెళ్లిపోయాను."

"అప్పుడే చెప్పుండొచ్చుగా."

"అప్పుడు నాకూ తెలీదు," అంది హిస్కె. చెయ్యిచ్చి లేపింది.

గట్టు మీది బండి దగ్గర సోంపు వేసిన వేడి పాలు తాగారు. పెదాల మీద పాల మీగడ అంటుకుంటే నువ్వు తుడుచుకో అంటే నువ్వు తుడుచుకో అనుకున్నారు. తర్వాత ఎవరి సైకిలు వాళ్లు ఎక్కారు.

మళ్లీ కలిసి కాపురం చేయలేదు. ఆ వసంతంలో వ్యాసం అచ్చుకి పంపేటప్పుడు ఎవరి పేరు ముందు పెట్టాలని బాకెమా అడిగాడు.

"నాది," అన్నాడు వోల్టర్.

హిస్కె తెల్లబోయింది. "ఇంగ్లిషు అక్షరాల వరసలో నాదే ముందొస్తుంది."

"రానీ. ఆ గుంటలన్నీ దాటింది నేను."

"దయ్యాలతో వేగింది నేను."

బాకెమా కాఫీ కప్పు పట్టుకుని బయటికొచ్చి, మెల్లగా తలుపు దగ్గరకి వేశాడు. సాయంత్రం దాకా లోపల్నుంచి వాళ్ల గొంతులు వినబడుతూనే ఉన్నాయి. మేమెవరమూ ఆపడానికి వెళ్లలేదు.