మైకు కట్టిన ఆటో

గల్ఫ్‌లో డ్రైవర్‌గా పోవాలన్నది నాగేందర్‌కు ఏళ్లనాటి కోరిక. ఆర్మూర్‌లో ఆటో నడుపుతూ, ఎక్కిన ప్రతి మనిషితోనూ "ఒక్క చాన్స్ దొరకాలె గనీ, నా తడాఖా జూపిస్త" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఎవరో వచ్చి అతని ఆటోకు మైకు కట్టించి, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, సాయంత్రం దాకా ఊరంతా తిప్పమన్నారు. అందులో ఏముందో నాగేందర్ అడగలేదు. మైకు మోతకు తల పగిలిపోతుందని చెవుల్లో దూది పెట్టుకుని, పసుపు మార్కెట్ నుంచి బస్టాండు దాకా గల్లీ గల్లీ తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి భార్య శోభారాణి బీడీల చేట పక్కకు నెట్టి మండిపడుతూ కూర్చుంది.

"ఎన్నిసార్లు ఫోన్ జేసిన! దుబాయ్ కంపెనోళ్లు ఇయ్యాల ఒక్కరోజే మన ఊర్ల ఇంటర్వ్యూ పెట్టిండ్రు. డ్రైవర్లు గావాల్నట, వీసా ఫ్రీ అట. పక్కింటి శ్రవణ్ ఉరికిపోయి సెలెక్ట్ గూడ అయిండు. పొద్దంత మైకుల మొత్తుకుంటనే ఉండె, నీకు ఇనరాలేదా?"

నాగేందర్ జేబులోంచి దూది ఉండలు తీసి చూసుకున్నాడు.

"గా మైకు నా ఆటోదే," అన్నాడు.

మర్నాడు మరో మైకు బేరం వచ్చింది. ఈసారి అతను బండి తీయకముందే పెన్‌డ్రైవ్‌లోది మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా విన్నాడు. చీరల దుకాణం వాళ్ల డిస్కౌంట్ సేల్. తనకు పనికొచ్చేది కాదని నిట్టూర్చి బయల్దేరాడు.

గల్లీ మలుపు దాటేసరికి శోభారాణి ముస్తాబై రోడ్డు మీద నిలబడి ఉంది.

"ఆపు జర. నేనైతే ఇన్న," అంటూ ఆటో ఎక్కి కూర్చుంది.