పెద్దావిడ లేహ్యం

పొద్దున్నే తల దువ్వుకుందామని వసుమతి దువ్వెన పైకెత్తింది. చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. రోజూ అక్కడే ఆగుతుంది. మెడ వంచి, తలనే చేతి దగ్గరకు తెచ్చుకుని, ఎలాగో ముడి వేసుకుంది. పొయ్యి వెలిగించి, ఆవిరి మీద ఉడికించే పుట్టుకు బియ్యప్పిండి తడిపింది, కొబ్బరి తురిమింది, ఉడికిన శనగలకు పోపు పెట్టింది. ముందుగదిలో ఆమె భర్త సుకుమారన్ వైద్యుడు అప్పటికే ఇద్దరికి నాడి చూసి పంపేసి, మూడో మనిషితో వంతెన పని ఎప్పటికి పూర్తవుతుందో మాట్లాడుతున్నాడు. వెనక వాకిట్లో అత్తగారు కార్త్యాయని బావిలోంచి నీళ్ళు తోడి, నిండు బిందె చంకనెత్తుకుని, కూనిరాగం తీసుకుంటూ వస్తోంది.

కార్త్యాయని జుట్టు నల్లగా నడుము దాటి ఉంటుంది. పళ్ళన్నీ ఉన్నాయి. చూసినవాళ్ళు ముప్పై అయిదంటారు. కొడుక్కి అరవై నాలుగు, కోడలికి అరవై.

అందులో వింతేమీ లేదు. పుళక్కల్ వారింటి లేహ్యం అలాంటిది. కొందరి బావిలో నీళ్ళు తియ్యగా ఉంటాయి, కొందరి పెరట్లో పనస ఏడాదికి రెండు కాపులు కాస్తుంది. వీళ్ళింట్లో ధనుర్మాసంలో వండే ఉసిరి లేహ్యం మండలం పాటు, అంటే నలభై ఒక్క రోజులు తింటే వయసు వెనక్కి పోతుంది. అయితే ఒక ఉరుళికి ఒకే మనిషి. వెడల్పాటి ఆ కంచు పాత్ర నిండా ఉన్నదంతా ఒక్కరే తినాలి. ఇద్దరు పంచుకు తింటే ఇద్దరికీ దగ్గు తగ్గుతుంది తప్ప మరేమీ జరగదు. మొట్టమొదట దీన్ని వండిన పూర్వీకుడు తన తల్లి కోసం వండాడట. అందుకని ఇంటి ఆడవాళ్ళలో పెద్దది తినాలి, చిన్నది కలపాలి. కలిపే చెయ్యి రుచి చూడకూడదు.

వసుమతి ఈ ఇంటికి వచ్చేనాటికి కార్త్యాయని అత్తగారు బతికే ఉంది. నల్లటి జుట్టుతో, గట్టి పళ్ళతో చెంగుచెంగున తిరుగుతూ ఒకనాడు గడ్డివాములో చెయ్యి పెట్టి పాము కరిచి పోయింది. పాముకు మన వయసుతో పని లేదు కదా. అప్పటినుంచి పెద్దరికం కార్త్యాయనిది, తెడ్డు వసుమతిది. వసుమతికి పిల్లలు పుట్టలేదు. పిల్లలు లేరు కాబట్టి కోడలు రాలేదు. కోడలు రాలేదు కాబట్టి తెడ్డు చేతులు మారలేదు. ఏటేటా అత్తగారు తింటోంది, చిన్నదవుతోంది. కోడలు కలుపుతోంది, ముసలిదవుతోంది.

ఆ కలపడం ఎలాంటిదో కలిపినవాళ్ళకే తెలుస్తుంది. దశమూలాలు, తిప్పతీగ, పిల్లితేగలు, అడ్డసరం, పెన్నేరుగడ్డ అన్నీ దంచి నీళ్ళలో వేసి, ఉసిరికాయలు గుడ్డలో మూటగట్టి ఆ కషాయంలోనే ఉడకబెట్టాలి. గింజలు తీసేసి, గుజ్జును గుడ్డమీద రుద్ది పీచు పోగొట్టాలి. నేతిలో, నువ్వుల నూనెలో వేయించాలి. కషాయంలో పటికబెల్లం వేసి పాకం పట్టి గుజ్జు అందులో వెయ్యాలి. అక్కణ్ణుంచి చెయ్యి ఆగకూడదు. తేనె మటుకు పూర్తిగా చల్లారాకే, వేడిమీద పోస్తే మందు విషమవుతుంది. ఇంత పనీ వసుమతి చేస్తుంటే కార్త్యాయని పీట మీద కూర్చుని ఒకే మాట అంటుంది. "చెయ్యి ఆపకు, అడుగంటుతుంది."

చివర్లో కార్త్యాయని బఠాణీ గింజంత ముద్ద తీసి బొటనవేలితో నొక్కుతుంది. వేలి గీతలు ముద్దమీద పడితే పాకం కుదిరినట్టు. గీతలు పడ్డాయో లేదో చెప్పే అధికారం తినే మనిషిదే.

ఈ ఏడాది ఉసిరికాయలు ముదరకముందే వసుమతి నోరు తెరిచింది. వయసు తగ్గించుకోవాలన్న యావ ఆమెకు లేదు. భుజం కావాలి. తల తను దువ్వుకోవాలి, దండెం మీద బట్ట తను ఆరేసుకోవాలి, అంతే. శనగలు వడ్డిస్తూ అడిగింది.

"ఈ ఒక్క ఏడూ లేహ్యం నేను తింటానమ్మా. చెయ్యి లేవడం లేదు."

కార్త్యాయని పుట్టులో అరటిపండు పిసుకుతూ తల కూడా ఎత్తలేదు. "నువ్వు తింటే ఎవరు కలుపుతారు? నేనా? పెద్దదాన్ని పొయ్యి దగ్గర నిలబెట్టి తింటావా?"

"పెద్దదాన్నని మీరే అనాలి. నిన్న బస్సులో ఏమైంది?"

నిన్న బస్సులో కండక్టరు కార్త్యాయనిని చేచ్చీ అని పిలిచి, అక్కకు ఇచ్చే మర్యాద ఇచ్చి కిటికీ పక్కన సీటు చూపించాడు. వసుమతిని అమ్మమ్మను పిలిచినట్టు అమ్మూమ్మా అని చెయ్యి పట్టి పైకి లాగాడు. ఆ లాగింది పైకి లేవని కుడి చెయ్యే. ప్రాణం పోయినంత పనయింది. కార్త్యాయని కిటికీలోంచి బయటకు చూస్తూ నవ్వుకుంది.

"వాడికేం తెలుసు," అంది కార్త్యాయని. "పుట్టింది ముందు నేను."

వసుమతి భర్త వంక చూసింది. సుకుమారన్ అడకత్తెరలో పోకచెక్క. నలభై ఏళ్ళుగా అలాగే ఉండి, అదే హాయి అని నమ్మిన మనిషి. "భుజానికి తైలం ఇస్తాను," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఊళ్ళో అందరి నొప్పులకూ ఇంత ఓపిగ్గా కారణం వెతికే వైద్యుడికి ఇంట్లో నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదా? తెలుసు. తెలిసీ తైలం ఇస్తాడు. వసుమతికి అత్తగారి మీద కంటే ఆ తైలం సీసా మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

ఆ వారంలోనే చాత్తుణ్ణి అనే పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. గుమ్మంలోనే సంగతి చెప్పేశాడు. ఏటి అవతల పిండిమర నడిపే దివాకరన్ అనే ఆయన కార్త్యాయనిని రేవు దగ్గర చూశాడట. నలభై దాటినవాడు, భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. అప్పటినుంచి గోధుమలు ఆడించమంటే బియ్యం ఆడిస్తున్నాడట.

కార్త్యాయని ఛీ పొమ్మంటుందని వసుమతి అనుకుంది. కార్త్యాయని మెడలో గొలుసు సర్దుకుని, ఆయన ఏ రోజు వస్తారని అడిగింది.

నిజం చెప్పాలంటే ఆవిడ ఈడువాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఆవిడ చిన్ననాటి మాటలు గుర్తున్నవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. కొత్తగా స్నేహం చేద్దామంటే, అవతలివాళ్ళు వైద్యుడి తల్లి అని లేచి నిలబడతారు. ఆ సంగతి వసుమతికీ తెలుసు. తెలిసినా జాలి రాలేదు. జాలి పడాలంటే ముందు భుజం నొప్పి తగ్గాలి.

పెళ్ళిచూపులకు దివాకరన్ అక్క తంకమణి కూడా వచ్చింది. వసుమతే అరటికాయ చిప్స్ వేయించింది, బెల్లంతో ఉన్నియప్పాలు చేసింది. జరీ అంచు తెల్ల కసవు చీర కట్టుకుని కార్త్యాయని టీ తెచ్చింది. పెళ్ళికూతురి కొడుకు, అరవై నాలుగేళ్ళవాడు, పెళ్ళికొడుకుతో వంతెన గురించి మాట్లాడాడు. అంతా సవ్యంగానే ఉంది. తంకమణి టీ అందుకోకుండా అసలు విషయానికి వచ్చింది.

"నువ్వు ఏ ఏడు పుట్టావో, ఎన్ని ఉరుళ్ళు తిన్నావో నాకు అక్కర్లేదమ్మాయ్. మా తమ్ముడికి నచ్చావు, అది చాలు. కానీ పెద్దదిక్కు లేని పిల్లను మా ఇంటికి తెచ్చుకోం. రేపు నీ చెయ్యి పట్టి మాకు అప్పగించేదెవరు? ఈ ఇంటికి పెద్దావిడ ఎవరు?"

సుకుమారన్ తల పైకెత్తి ఫ్యాను చూడసాగాడు. పెద్దదాన్ని నేనే అని కార్త్యాయని అంటే సంబంధం అక్కడితో సరి. తనను తాను అప్పగించుకునే పెళ్ళికూతురు ఎక్కడా ఉండదు. కాదంటే లేహ్యం పోతుంది. వండే రోజు దగ్గర్లోనే ఉంది, ఉసిరికాయల బుట్ట వంటింటి గుమ్మంలోనే ఉంది. దివాకరన్ ఒక చిప్స్ ముక్క తీసుకుని, తినడానికి సిగ్గుపడి, మళ్ళీ ప్లేట్లో పెట్టేశాడు. కార్త్యాయని ఆ పెట్టడం చూసింది.

"వసుమతి," అంది. "ఈ ఇంటికి పెద్ద వసుమతి."

వసుమతికి సంతోషం రావాలి. రాలేదు. గొంతుదాకా కోపం వచ్చింది. కళ్ళెదుట చెయ్యి పడిపోతుంటే అన్నేళ్ళు రాని మాట, ఒక పిండిమర ఆయన చిప్స్ ముక్క తినలేకపోతే వచ్చేసింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఇంటికి పెద్ద అలా లేచి వెళ్ళకూడదు.

"టీ చల్లారిపోతోంది, తీసుకోండి," అంది తంకమణితో.

వాళ్ళు వెళ్ళాక కార్త్యాయని వంటింట్లోకి వచ్చి, పెళ్ళివాళ్ళ ముందు అన్న మాట వేరు, లేహ్యం సంగతి వేరు అని మొదలుపెట్టింది.

"వేరో కాదో తంకమణి గారికి ఫోన్ చేసి అడుగుదామా?" అంది వసుమతి.

కార్త్యాయని ఉసిరికాయల బుట్ట ముందుకు లాక్కుని కాయలు ఏరడం మొదలుపెట్టింది.

లేహ్యం రోజున తెడ్డు ఆవిడే పట్టింది. వసుమతి పీట మీద కూర్చుంది. అన్నేళ్ళూ నిలబడ్డ చోటును కూర్చుని చూడటం ఆమెకు కొత్తగా ఉంది. కార్త్యాయని చేతులు బలమైనవే, కానీ అలవాటు పోయిన చేతులు. కాసేపటికే చెమట చెవుల మీదుగా కారింది, పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఒకసారి నడుం నిమురుకోవడానికి ఆగింది.

"చెయ్యి ఆపకు, అడుగంటుతుంది." ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు వసుమతే ఉలిక్కిపడింది. గొంతు కూడా అచ్చం అత్తగారిదే.

పాకం అంచులు వదిలింది. రంగు తిరిగింది. కుదిరిందని వసుమతికి వాసనతోనే తెలిసిపోయింది. ముద్ద తీసి బొటనవేలితో నొక్కింది. ముద్ద నున్నగా ఉంది, ఒక్క గీత పడలేదు. మళ్ళీ నొక్కింది. అప్పుడు వేలు తిప్పి చూసుకుంది. తెడ్డు రాపిడికి వేలి గీతలు ఏనాడో అరిగిపోయాయి. ముద్ద కుదరకపోవడం కాదు, వేలే మిగల్లేదు.

ఆ సంగతి చెప్పవచ్చు. కార్త్యాయని వేలితో నొక్కమనవచ్చు. వసుమతి నున్నటి ముద్దను అత్తగారికి చూపించింది.

"గీతలు పడలేదు. ఇంకా కలుపు."

కార్త్యాయని కలిపింది. తెడ్డు బరువెక్కింది. ఆవిడ పళ్ళు బిగించి, రెండు చేతులతో, ఒళ్ళంతా ఊపి కలిపింది. కాదనడానికి ఏముంది, ఆ నియమాలన్నీ తను కాపాడుకుంటూ వచ్చినవే. చివరికి వసుమతికే విసుగొచ్చి దించమంది. పాకం ముదిరిపోయింది. చల్లార్చి తేనె కలిపినా లేహ్యం బెల్లం అచ్చులా గట్టిగానే ఉండిపోయింది. కక్షకు ఫలితం మండలం పాటు అనుభవించింది వసుమతే. ఉన్న నాలుగు దవడపళ్ళతో రోజూ పొద్దున్నే ఆ ముద్ద నమిలింది. పులుపు, చేదు, ఘాటు, వాటన్నిటి అడుగున తీపి. తన చేత్తో అన్నేళ్ళు కలిపిన మందు రుచి ఆమెకు అప్పుడే తెలిసింది.

మండలం పూర్తికాకముందే మకరమాసంలో పెళ్ళి జరిగింది. వసుమతి కార్త్యాయని చెయ్యి పట్టి దివాకరన్ చేతిలో పెట్టింది. అప్పటికి చెయ్యి చెవి దాటి లేస్తోంది. మండలం ముగిసేనాటికి తల మీద దాకా లేచింది. నిలువుగా నిలబడి జుట్టు దువ్వుకుంటూ వసుమతి అద్దంలో తన ముఖం చూసింది. ఏడుస్తున్నట్టుంది. ఎందుకో ఆమెకే తెలియలేదు. సుకుమారన్ తైలం సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి, కాసేపు చూసి, సీసా వెనక్కి తీసుకుపోయాడు.

మళ్ళీ ధనుర్మాసం వచ్చింది. సుకుమారన్ అలవాటుకొద్దీ తిప్పతీగ కోసుకొచ్చాడు, వేళ్ళు తెచ్చి ఆరబెట్టాడు. వసుమతి వాటిని చూసి ఎవరు కలుపుతారని అడిగింది. ఇంట్లో ఆడది ఒక్కతే. తనే పెద్ద, తనే చిన్న. ఒక్క ఉరుళి కోసం బతుకంతా కలిపానన్నమాట అనుకుంటే నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, చిరాకు వచ్చింది. ఉరుళి అటకెక్కించమని భర్తకు చెప్పింది. ఉసిరికాయలు ఊరగాయ పెడదామని ముందు వాకిట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంది.

గేటు దగ్గర ఆటో ఆగింది. కార్త్యాయని దిగింది. ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చెయ్యి నడుము మీద. పొట్ట బాగా ముందుకొచ్చింది. ముఖం పాలిపోయింది, పాదాలు వాచి చెప్పుల్లోంచి పొంగుతున్నాయి. నుదుటి దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. గేటు దాటి రాకుండా అక్కడే నిలబడింది.

పిల్లలు లేరని ఈ వాకిట్లోనే తనను ఎన్నెన్ని అన్నదో వసుమతికి వరసగా గుర్తొచ్చింది. ఒక్కటీ మరచిపోలేదు. కత్తిపీట మీదనుంచి లేవలేదు.

"ఏడో నెల వచ్చింది," అంది కార్త్యాయని. "కాన్పుకు పుట్టింటికి పంపాలి కదా అని మా వదిన అంది. పుట్టిల్లు ఎక్కడని అడిగింది." ఆవిడ సంచి కింద పెట్టింది. "నాకు ఇంకెక్కడుందమ్మా?"

కోడల్ని అమ్మా అని పిలిచిన సంగతి ఆవిడకే ఆలస్యంగా తెలిసి తల దించుకుంది. మందుల గది కిటికీలోంచి చూస్తున్న సుకుమారన్, తనకు ఈ వయసులో తమ్ముడో చెల్లెలో పుట్టబోతున్నందుకు ఏమనాలో తెలియక, వెళ్ళి మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నాడు.

బాలింతకు నీళ్ళు కాచాలి. పసిబిడ్డకు నూనె పట్టాలి. రాత్రుళ్ళు లేవాలి. ఇంత చాకిరీకీ సరిపడే భుజం ఇప్పుడు తన ఒంట్లో ఉంది. అందుకేనా వచ్చింది ఇది అనుకుని వసుమతి పళ్ళు కొరుక్కుంది. కత్తిపీట పక్కకు జరిపి లేచి గేటు దాకా వెళ్ళింది.

"ఎండలో నిలబడతారా ఎవరైనా ఏడో నెలలో? బుద్ధుందా నీకు?" అంది. "పద లోపలికి."

బట్టల సంచి అందుకుని కుడి భుజానికి తగిలించుకుంది. బరువుగానే ఉంది. నొప్పి పెట్టలేదు.