నోటి ముందు ఆగే చెంచా

"ఊదరా, కాలుతోంది," అన్నాడు అన్నయ్య.

తమ్ముడు చెంచాను వెనక్కి తీసుకుని ఊదాడు. తన పెదవి అంచుకు ఆనించి వేడి చూసి, మళ్లీ అన్నయ్య నోటి దగ్గరికి చేర్చాడు. అన్నయ్య వెంటనే నోరు తెరిచే రకం కాదు. కిటికీ వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, పెద్దమనసు చేసుకున్నవాడిలా అప్పుడు తెరుస్తాడు. అంతసేపూ చెంచా వణక్కుండా గాలిలో ఆగి ఉండాలి. మూడు పూటలా ఇదే పని. ఏళ్ల తరబడి ఇలా ఆపి ఆపి తమ్ముడి కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. ఏ చొక్కా తొడిగినా ఒక పక్కకు జారేది.

అన్నయ్య ఒకప్పుడు పేరున్న దర్జీ. నరాల జబ్బు వచ్చి రెండు చేతులూ చచ్చుబడిపోయాయి. కాళ్లు మాత్రం గుర్రం కాళ్లే. వీధంతా తిరిగొస్తాడు, టీ కొట్టు ముందు నిలబడి లోకం మీద తీర్పులిస్తాడు, టీ మాత్రం ముట్టడు. ఒకరు పట్టిస్తే తాగడం ఆయనకు తలవంపులు. వేరే ఊళ్లో ఉన్న అక్క తన దగ్గరికి వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా ఒకటే మాట: "బావ ముందు పిచ్చుకపిల్లలా నోరు తెరుచుకుని కూర్చోనా? చస్తే రాను." ఆ పరువంతా తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి పక్కన పెట్టేవాడు. తమ్ముడు ఈ ఊరు దాటలేకపోయింది ఆ పరువు వల్లే.

యాభైకి దగ్గరపడినా అన్నయ్యకు అతను చిన్నోడే. లారీలు తూకం వేసే వేబ్రిడ్జి దగ్గర ఉద్యోగం. నిలబడితే తల పైకప్పుకు తగిలే గది. లారీ ఎక్కుతుంది, అంకె చూసి చీటీ ఇస్తాడు, లారీ దిగి ఎటో వెళ్లిపోతుంది, అతను అక్కడే ఉంటాడు. పెళ్లి కూడా ఒకసారి కుదిరినంత పనైంది. ఈ మూడు పూటల సంగతి తెలిశాక పిల్ల తరఫువాళ్లు మెల్లగా జారుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి అతనికే నోరు రాలేదు.

నాలుగు లారీల యజమాని ఒకాయన ఉన్నాడు, మీసాలాయన. రేవు దగ్గర కొత్త వేబ్రిడ్జి పెడుతున్నాడు. "గది కూడా ఇస్తాను తమ్ముడూ. కిటికీ తీస్తే సముద్రమే. ఒక్క మనిషికి హాయిగా సరిపోతుంది," అన్నాడు. ఒక్క మనిషికి అన్న మాట దగ్గరే అంతా ఆగిపోయింది. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు మీసాలాయన. "చూద్దాంలెండి," అంటూ రోజులు దొర్లిస్తున్నాడు తమ్ముడు.

అందుకే అన్నయ్యకు తినిపించే ఆ యంత్రపు చెయ్యి. అల్యూమినియం పట్టీలతో తనే చేసి బల్లకు బిగించాడు. చివర చెంచా, మోచెయ్యి దగ్గర గుప్పిట్లో ఇమిడే బ్రష్‌లెస్ మోటారు, బొమ్మ విమానాల్లో వాడేలాంటిది. అన్నయ్య పాదం కింద కుట్టుమిషను తొక్కుడు పలకలాంటిది. కాలి వేళ్లతో నొక్కితే చెంచా లేస్తుంది, మడమతో నొక్కితే దిగుతుంది. మోటారు కుదిరింది. కుదరనిదల్లా దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు.

మొదట కొన్నది బొమ్మ విమానాల బోర్డు. చిన్నది, చూడ్డానికి ముద్దుగా ఉండేది. మోటారు జోరుగా తిరుగుతుంటేనే గానీ దాని జాడ ఆ బోర్డుకు తెలియదు. ఆగి ఉన్న మోటారును గుడ్డిగా ఒక కుదుపు కుదిపి కదిలిస్తుంది. అన్నం వెళ్లి అన్నయ్య కళ్లద్దాల మీద పడింది.

"ఇది తినిపించడం కాదురా చిన్నోడా, చెంప పగలగొట్టడం."

రెండోది కెమెరాలను వణక్కుండా పట్టుకునే రకం. మెత్తగానే లేపింది, నోటి ముందు ఆపింది కూడా. కాకపోతే బరువున్నా లేకపోయినా ఒకే బలంతో బిగబట్టి కూర్చునేది. అన్నయ్య గొంతు సవరించుకునేలోపు మోటారు చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది. పైగా దోమలా రొద. ఒకనాడు అన్నయ్య గడ్డం తగిలి చెయ్యి కాస్త జరిగితే, తానెక్కడుందో మర్చిపోయి, చెంచాను తిన్నగా చెవి దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ పొద్దున అన్నయ్యకు తినిపించి పనికి వెళ్తూ విడిభాగాల షాపు దగ్గర ఆగాడు. షాపావిడ చూసి నవ్వింది.

"మళ్లీ వచ్చారా? మీ మోటారుకు సంబంధం ఇంకా కుదరలేదా? ఇంతకీ మీకు ఎంత వేగం కావాలండీ?"

"వేగం వద్దండీ. ఆగడం కావాలి."

"ఎంతసేపు?"

"ఆయన నోరు తెరిచేదాకా."

అన్నయ్య సంగతి విన్నాక ఆవిడ నవ్వు మానేసి లోపల్నుంచి ఒక బోర్డు తెచ్చింది. "అయితే మోటారు ఇరుసు ఎంత తిరిగి ఉందో బోర్డుకు ఎప్పుడూ తెలుస్తుండాలి, కదలకపోయినా సరే. ఇరుసు చివర ఈ అయస్కాంతం బిళ్ల అంటించండి, ఎదురుగా ఈ చిప్పు పెట్టండి. ఎంత బరువుంటే అంతే బలం వాడుతుంది, వేడెక్కదు. సెట్ చేసుకోవడమే కాస్త తలనొప్పి."

"ఎవరైనా నెడితే?"

"నెట్టినా మళ్లీ అక్కడికే వచ్చి నిలబడుతుంది."

మంచి మాటే. ఎందుకో అతనికది తన గురించి చెప్పినట్టు వినిపించింది.

మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి అన్నయ్యకు తినిపించి వచ్చాడు. మిగతా పూటంతా, లారీకీ లారీకీ మధ్య, సంచిలో తెచ్చుకున్న మోటారుకు బిళ్ల అంటించి, వేబ్రిడ్జి కంప్యూటర్లోనే బోర్డును సెట్ చేసుకున్నాడు. మీసాలాయన చీటీ కోసం వచ్చి, "ఏమనుకున్నావు తమ్ముడూ?" అన్నాడు. "రేపు చెప్తానండీ," అన్నాడు అతను. తన నోట రేపు అన్న మాట విని తనే ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం అంతా బిగించి, ముందు చెంచాలో నీళ్లు పోసి చూశాడు. చుక్క ఒలకలేదు. అన్నం పెట్టాడు. అన్నయ్య పాదం ఆనించాడు. చెంచా లేచి నోటి ముందు ఆగింది. అన్నయ్య కిటికీ వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు, అల్లరికి ఇంకాసేపు ఊరుకున్నాడు. చెంచా కూడా ఊరుకుంది. గడ్డంతో నెట్టాడు. కొంచెం జరిగి మళ్లీ వచ్చి నిలబడింది.

"మొండిఘటమే," అని నోరు తెరిచాడు.

కంచం ఖాళీ అయింది. ఇంకాస్త పెట్టమన్నాడు, అదీ తిన్నాడు. తమ్ముడు గోడకు ఆనుకుని, రేవు సంగతి ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూడదీసుకుంటున్నాడు. మాట అతని నోట్లో ఉండగానే అన్నయ్య అన్నాడు:

"సంచి సర్దు. అక్క ఊరి బస్సు ఇంకా ఉంటుంది."

"ఇవాళేంటి అన్నయ్యా?"

"రేపంటే నువ్వు మొహం వేలాడేస్తావు, నేను ఆగిపోతాను. నీ రేవు సంగతి నాకు తెలుసులే, మీసాలాయన టీ కొట్టు దగ్గర చెప్పాడు. నీ కోసమే పోతున్నానని ఉబ్బిపోకు. నీ ఊపిరి తగలని ముద్ద ఒక్కటి తినాలని ఎన్నాళ్లుగా ఉందో నీకేం తెలుసురా?"

తమ్ముడు గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్లూ ఈ రెండు గదుల్లో ఇరుక్కుపోయింది తనొక్కడే అనుకున్నాడు. సిగ్గేసింది. ఆ వెనకే ఒళ్లు మండిపోయేంత కోపం వచ్చింది. రెండూ దిగమింగి, అక్కకు ఫోన్ చేసి చెప్పి, చెయ్యి ఊడదీసి అట్టపెట్టెలో పెట్టాడు. బస్సులో అన్నయ్యను కూర్చోబెట్టి, పెట్టెను కాళ్ల దగ్గర సర్ది, ఊడిన చొక్కా గుండీ పెట్టాడు. దిగగానే బావ వచ్చి ఉంటాడని రెండుసార్లు చెప్పాడు.

"ఇంక దిగు," అన్నాడు అన్నయ్య, కిటికీ వంక చూస్తూ.

ఇంటికొచ్చి తమ్ముడు అన్నం పెట్టుకున్నాడు. చెంచా ఎత్తి ఊదాడు. అన్నం ఎప్పుడో చల్లారిపోయిందని ఊదాక తెలిసింది. మీసాలాయనకు ఫోన్ చేద్దామని తీసి, నంబరు మీద వేలు పెట్టి ఆగాడు. వెళ్లొద్దనేవాళ్లు ఎవరూ లేరు. అయినా వేలు కదలలేదు. అన్నయ్యకు తినిపించని తను ఎలా ఉంటాడో అతనికి తెలియదు, భయమేసింది. అప్పుడు కనిపించాయి మరలు. చెయ్యిని విప్పే తొందరలో బల్లకు బిగించే మరలు పెట్టెలో వెయ్యడం మర్చిపోయాడు. ఏ షాపులోనైనా దొరికేవే, బావ తెచ్చుకోగలడు. ఆ సంగతి తెలిసీ ఫోను పక్కన పెట్టేసి, అక్క ఊరికి పొద్దున్నే మొదటి బస్సు ఎప్పుడా అని ఆలోచించసాగాడు. కంచం పక్కన నాలుగు మరలూ తలకిందులుగా నిలబడి ఉన్నాయి, మొనలకు బల్ల చెక్కపొడి ఇంకా అంటుకునే ఉంది.