చెయ్యి అడ్డం పెట్టకుండా

కడుగుతున్న స్టీలు పళ్ళెం జారి గచ్చు మీద పడింది. రెండోసారి మోగేలోపే వంగి అరచేత్తో అదిమేశాను. పంతొమ్మిదేళ్ళ సాధన మరి. కాపురానికొచ్చిన కొత్తలో గరిట జారితే చాలు, ఈయన హాల్లోంచి "ఏమిటా మోత? ఇంట్లో మనుషులున్నారు!" అని అరిచేవారు. మరి నేనెవర్నో అడగాలని తోచలేదు. "మా కోడలు వంటింట్లో ఉన్నట్టే తెలియదు" అని అత్తయ్య చుట్టాలతో చెబుతుంటే మురిసిపోయాను కూడా. ఎంత పిచ్చిదాన్ని!

అలాంటిదాన్ని స్టీల్ డ్రమ్ నేర్చుకోవడానికి చేరాను. నేను పనిచేసే పళ్ళ డాక్టరుగారి క్లినిక్ పక్క హాల్లో ఆదివారాలు క్లాసులు. టీచరు ఒకప్పుడు వెల్డింగ్ పని చేసిన ఆవిడ. నూనె పీపా అడుగుని సుత్తితో కొట్టి గిన్నెలా లోతు చేస్తారు. అందులో ఒక్కో సొట్టా ఒక్కో స్వరం. రబ్బరు తొడిగిన రెండు పుల్లలతో వాయించాలి. మొదటిరోజు ఒక్క దెబ్బ వేశానో లేదో, ఎడమచేతి పుల్ల వదిలేసి మరీ ఆ స్వరం నోరు నొక్కేశాను. అందరూ నవ్వారు. టీచరు నవ్వలేదు.

"చెయ్యెందుకు పెట్టావమ్మా?"

"అలవాటండీ."

"ఇక్కడెవరూ పడుకోలేదుగా. మోగనీ."

ఆ చెయ్యి మాట వినడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో దిండు మీద వాయించుకుంటూ పాట పట్టుకున్నాను. మా ప్రదర్శన ఫలానా ఆదివారం మధ్యాహ్నమని నెల ముందే చెప్పినా, ఈయన సరిగ్గా ఆ పూటకే తన ఆఫీసరు కుటుంబాన్ని భోజనానికి పిలిచారు.

"ఒక్కరోజు ఆ డబ్బా వాయించకపోతే కొంప మునుగుతుందా?"

"కొంప మునగదు, నేను మునుగుతాను. భోజనాల సంగతి మీరే చూసుకోండి."

నవ్వి పేపరు తిప్పేశారు. నమ్మలేదన్నమాట.

వెళ్ళాను. పాట మధ్యలో మిగతా వాళ్ళు ఆగుతారు, ఎనిమిది స్వరాలు నేనొక్కదాన్నే వాయించాలి. నాలుగోది కాస్త పక్కకి తగిలింది. అయినా ఆగలేదు. చివరి స్వరం వెనక వరుస దాకా వెళ్ళి, దానంతటదే అయిపోయేదాకా రెండు చేతులూ గాల్లోనే ఉంచాను. చప్పట్లు పడ్డాయి. గర్వంగా అనిపించింది. అవును, గర్వమే, దాచుకోవడం దేనికి?

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? ఆఫీసరుగారు వచ్చి కూర్చున్నారు. నీ గురించి వాళ్ళకేం చెప్పమంటావ్?"

గొంతు తగ్గించబోయి ఆగాను. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాను.

"మా ఆవిడ స్టీల్ డ్రమ్ వాయిస్తుందని చెప్పండి."